చెప్పులు ఎక్కడ విడుస్తారో అడగండి

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ముగ్గురు మొన్న మా ఇంటికి వచ్చారు. కోర్సులో చెప్పనిది ఏమైనా ఉంటే చెప్పమన్నారు. నోటితో చెప్పబోతే నాకు కోపం ముందొచ్చి, విషయం వెనకబడుతుంది. మా ఆవిడ కాఫీలు ఇచ్చి వాళ్లని పంపించేసింది. అందుకని కూచుని రాస్తున్నాను. నా ప్రమోషన్లూ ట్రాన్స్‌ఫర్లూ ఇందులో ఉండవు. ఒక మేకు సంగతి, ఒక కాలి సంగతి ఉంటాయి.

ముందు ఆ మాట సంగతి

నరసరావుపేటలో నేను పనిచేసిన ఆసుపత్రిలో మా గది వెనకవైపు, జనరేటరు పక్కన ఉండేది. తలుపు మీద ఇంగ్లీషులో ‘ఆర్థోటిక్స్’ అని రాసి ఉండేది. ఎక్స్‌రే అనుకుని వచ్చి కూచునేవాళ్లు కొందరు. అది చదవగలిగినవాళ్లు కూడా లోపలికొచ్చి, “ఇక్కడ ఏం చేస్తారండీ?” అని అడిగేవాళ్లు.

ఆర్థోస్ అంటే గ్రీకులో తిన్నగా ఉన్నది అని అర్థం. ఒంట్లో ఉన్న భాగానికి ఆసరాగా నిలిచి, అది వంకరపోకుండా, బరువంతా ఒక్కచోటే పడకుండా చూసేది ఆర్థోసిస్. పోయిన కాలికి బదులు పెట్టేది వేరు, దాన్ని ప్రోస్థెసిస్ అంటారు. మెడకి పెట్టినా నడుముకి పెట్టినా ఆర్థోసిసే. కానీ వాడుకలో, డాక్టరు చీటీ మీద ఆర్థోటిక్స్ అని ఒక్క ముక్క రాశాడంటే చాలావరకు పాదం కింద ఆసరా గురించే. మెత్తటి రబ్బరు అట్టని ఆ మనిషి పాదం అచ్చుకి తగ్గట్టు చెక్కి చెప్పులో అమర్చడం. ఈమధ్య బూట్ల షాపుల్లో జెల్లు ముక్కలకి కూడా ఇదే పేరు పెట్టి అమ్ముతున్నారు. పాదం చూడకుండా అమ్మేదాన్ని నేను ఆర్థోటిక్ అనను, పరుపుముక్క అంటాను.

మా పేషెంట్లు మాత్రం వీటిని సుగరు చెప్పులు అనేవాళ్లు. సుగరు ముదిరి అరికాళ్లు మొద్దుబారినవాళ్లే ఎక్కువమంది వచ్చేవాళ్లు కాబట్టి ఆ పేరు సరైనదే. నాకు మాత్రం ఆ పేరు వింటే ఒళ్లు మండేది. ఎందుకో చెబుతాను. మా నాన్న నకరికల్లులో చెప్పులు కుట్టేవాడు. ఉద్యోగం వచ్చాక ఎవరైనా “ఏం చేస్తుంటావు?” అంటే నేను ఆర్థోటిక్స్ అనేవాణ్ణి. అవతలివాడికి అర్థమయ్యేది కాదు. అర్థం కానిదానికి మన దగ్గర గౌరవం ఎక్కువ. ఒకసారి నాన్న “అదేందిరా?” అంటే గంటసేపు వివరించాను. అంతా విని, “అయితే చెప్పులేగా” అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ఇంగ్లీషు మాట వెనక నేను దాక్కున్నాను. దాక్కున్నందుకు దెబ్బ నాకు తగల్లేదు, వేరే మనిషికి తగిలింది.

మేకు

మా వర్క్‌షాపు పెద్ద రంగనాయకులు గారు. చదువు తక్కువ, చేతిపని ఎక్కువ. పేషెంటు రాగానే కాలు చూసేవారు కాదు, ముందు పాత చెప్పు తిరగేసి చూసేవారు. “కాలు అబద్ధం ఆడకపోవచ్చు గానీ ఏం జరిగిందో చెప్పలేదు. చెప్పు చెప్పిద్ది” అనేవారు. నేను చేరిన మొదటి వారంలో ఒక చింతగింజ ఇచ్చి, చెప్పులో వేసుకుని సాయంత్రం దాకా తిరగమన్నారు. పదకొండింటికల్లా కుంటడం మొదలుపెట్టాను, పన్నెండింటికి తీసి పారేశాను. “నీకు తీసెయ్యాలని తెలిసింది. మన దగ్గరికి వచ్చేవాళ్లకి అదే తెలవదు” అన్నారు. అంతకు మించిన పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పాఠం విన్నాను గానీ ఒంటపట్టలేదు. సుగరు చెప్పుల్లో మేకు వాడకూడదు. పట్టీని అతికించాలి, కుట్టాలి. ఒక రోజు తొందరలో ఒక పెద్దాయన చెప్పుకి పట్టీ ఊడకుండా చిన్న మేకు కొట్టాను. మర్నాడు ఆయన బస్టాండు నుంచి నడుచుకుంటూ నవ్వుతూ వచ్చాడు. “బాగున్నాయి బాబూ, హాయిగా ఉంది” అన్నాడు. నేలమీద ఆయన వచ్చిన దారిపొడుగునా ఎర్రటి మచ్చలు. మేకు మడమలో దిగి ఉంది. ఆయన మాత్రం “ఏంది బాబూ, అట్టా చూస్తన్నావు?” అని అడుగుతున్నాడు.

రంగనాయకులు గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మేకు పీకి, కడిగి, నా బల్లమీద పెట్టారు. ఆయన రిటైరయ్యేదాకా అది అక్కడే ఉండాలన్నారు. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేవాణ్ణి.

తర్వాత వచ్చిన ఇన్‌ఛార్జి రోజుకి ఎన్ని జతలు చేశావనే అడిగేవాడు, ఎన్ని కాళ్లు నిలిచాయని ఏనాడూ అడగలేదు. అలాంటి పై అధికారి మీకూ తగులుతాడు. వాడికి కావలసిన అంకె వాడికి పడేసి మీ పని మీరు చేసుకోండి.

నాగేశ్వరమ్మ

నా సర్వీసు చివర్లో వచ్చిన కేసు ఇది. అప్పటికి ముప్పై ఏళ్ల అనుభవం. నాకు తెలియనిది లేదనుకునే వయసు. అన్నిటికన్నా ప్రమాదమైనది అదే.

నూజెండ్ల వైపు నుంచి వచ్చేది నాగేశ్వరమ్మ. యాభై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. అత్తగారు రత్తమ్మ, తను, మూడెకరాల మిరప. సుగరు వచ్చి పన్నెండేళ్లు. కుడికాలి బొటనవేలి మొదట్లో పుండు పడి, ఆరు నెలలు కట్లు కట్టించుకుంటే మానింది. మళ్లీ రాకుండా ఆర్థోటిక్స్ వేయమని సర్జన్ గారు నా దగ్గరికి పంపారు.

అచ్చు తీయడానికి పాదం పట్టుకోబోతే చటుక్కున లాక్కుంది. “మీరు నా కాళ్లు పట్టుకోవడమేంది సార్, పాపం గదా?” అంది. “నా ఉద్యోగమే కాళ్లు పట్టుకోవడం తల్లీ” అన్నాను. నవ్వింది. నా మొత్తం సర్వీసులో అంత శ్రద్ధగా చేసిన జత ఇంకొకటి లేదు. పుండు మానినచోట బరువు పడకుండా అట్టలో గుంట తీశాను. వేయించి, నడిపించి, విప్పించి, ఎరుపు లేదని చూసి ఇచ్చాను. “ఎప్పుడూ వేసుకునే ఉండాలి” అన్నాను. “అట్టాగే సార్” అంది. సంక్రాంతి ముందు సంగతి.

మార్చిలో తిరిగొచ్చింది. కట్టు విప్పితే గదంతా వాసన. మానిన పుండు మళ్లీ నోరు తెరిచింది. చుట్టూ బొబ్బలు చితికి తోలు ఊడింది, బొటనవేలి చివర నల్లబడింది. ఆమెకి నొప్పి లేదు. జ్వరం మాత్రం ఉంది.

“చెప్పులు వేసుకోలేదు గదూ?” అన్నాను.

“వేసుకున్నాను సార్. అయి లేకుండా గడప దాటలా.”

“వేసుకుంటే ఇట్టా ఎందుకు అవుతుంది? అబద్ధం ఆడతావేంటి నా దగ్గర?”

గారూ తల్లీ అన్నీ పోయి ‘నువ్వు’లోకి దిగాను. గదిలో ఆరుగురు పేషెంట్లు ఉన్నారు. మీలాంటివాళ్ల కోసం చేతులు అరగదీసుకోవడం దండగ అని కూడా అన్నాను. ఆమె ఏడవలేదు. ఆ చెప్పులు విప్పి, కొంగుతో తుడిచి, నా బల్లమీద పెట్టింది. “నేను అబద్ధం ఆడే మనిషిని కాదు సార్” అని మాత్రం అంది.

సర్జన్ గారు చూసి నన్ను వరండాలోకి పిలిచారు. “ఏమయ్యా ప్రసాదూ, వేలు దక్కదు. చీము పైకి పాకుతోంది. మందులకి లొంగితే వేలుతో పోతుంది. లేకపోతే సగం పాదం, ఇంకా ఆలస్యమైతే మోకాలి కింద దాకా తీసెయ్యాలి. నాలుగు రోజులు చూస్తా” అన్నారు. కాలు పోతే చేలో దిగడం ఉండదు. మూడెకరాలు కౌలుకిచ్చి ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూచోవాలి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. మంచం మీద పడుకుని, మిరపకాయ కల్లంలో ఎండుతోందని, మబ్బు పట్టిందా లేదా అని వచ్చిపోయేవాళ్లని అడుగుతూ ఉండేది.

ఆ చెప్పులు

మూడో రోజు పొద్దున చీము తగ్గలేదు. నా బల్లమీద ఆ జత అలాగే ఉంది. చూడబుద్ధి కాక పక్కన పడేద్దామని చేతిలోకి తీసుకున్నాను. రంగనాయకులు గారు నేర్పిన పని, ఆమె వచ్చినరోజే చెయ్యాల్సిన పని, అప్పుడు చేశాను. తిరగేశాను.

అడుగు బాగా అరిగింది. అంటే వేసుకుంది. పైన పాదం అచ్చు నేను అనుకున్నట్టే పడింది. బరువు పడకూడదన్న గుంటలో బరువు పడలేదు. ఇంకొకటి చూశాను. అట్ట మీద రసి మరక గానీ నెత్తుటి చుక్క గానీ లేదు. పుండు ఈ చెప్పులో పుట్టి ఉంటే మరక ఉండకుండా ఎలా ఉంటుంది? అంటే కట్టు కట్టాక తప్ప ఆ పుండుతో ఆమె ఈ చెప్పులో నడవలేదు. చుట్టూ ఉన్నవి కాలిన బొబ్బలు, కాలు కాలింది వేరే ఎక్కడో.

ఆమె నిజం చెప్పింది. ఎక్కడ కాలిందో తెలియకపోతే, ఈ కాలు నయం చేసి పంపినా మళ్లీ అక్కడికే పోయి కాల్చుకుంటుంది. ఆమెనే అడుగుదామని వార్డుకి పోయాను. జ్వరం మత్తులో ఉంది, పలకలేదు. సెలవు చీటీ కూడా రాయకుండా బండి తీశాను.

కల్లం

ఆ ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్కనే కల్లం. ఎకరం మేర మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటుకి ముందు తుమ్ములొచ్చాయి, తర్వాత కళ్లనీళ్లు. పదిమంది ఆడవాళ్లు నడుములు వంచి కాయలు తిరగేస్తూ, తాలుకాయలు ఏరుతూ తిరుగుతున్నారు. గట్టు మీద వరసగా పది జతల చెప్పులు విడిచి ఉన్నాయి.

బండి మీద నుంచి దిగకుండానే నాకు అంతా అర్థమైంది.

రత్తమ్మ గారు వేపచెట్టు నీడన గోనెసంచులు కుట్టుకుంటున్నారు. డెబ్బై ఎనభై మధ్య వయసు. నేను ఎవరినో చెప్పుకున్నాను. “నాగేశ్వరమ్మ గారు ఈ కల్లంలో ఎన్నాళ్లు పనిచేశారండీ?” అని అడిగాను.

“ఎన్నాళ్లేంది నాయనా, కోత మొదలైనకాణ్ణించీ ఇక్కడే. పొద్దున వచ్చి పొద్దుగూకి పోయిద్ది.”

“నేనిచ్చిన చెప్పులు?”

“ఆ చెప్పులా? ఎంత పదిలంగా చూసుకునేదనుకున్నావు. అందరి చెప్పుల్లో కలవకుండా ఇదిగో, ఈ చెట్టు మొదట్లో పెట్టి గుడ్డ కప్పేది. సారు నాకోసమని చేశాడని ఊరంతా చెప్పుకునేది.”

“కల్లంలో వేసుకోలేదా?”

ఆవిడ నన్ను వింతగా చూసింది. “పంట మీదికి చెప్పులతో ఎట్టా పోతాము నాయనా? లచ్చిమి గదా. నువ్వు ఈ దేశపోడివి కాదా?”

నేను ఈ దేశపోణ్ణే. చెప్పులు ఎక్కడ విడవాలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు పెద్దవీధి మొదట్లో మా నాన్న తన చెప్పులు తీసి చేత్తో పట్టుకుని నడిచేవాడు, ఇతరులకి కుట్టిన చెప్పులు భుజాన వేసుకుని. అన్నీ తెలిసి కూడా, “ఎప్పుడూ వేసుకో” అంటే సరిపోతుందనుకున్నాను. మన మనిషికి చెప్పులు ఎప్పుడూ వేసుకోవడం అంటే చెప్పులు వేసుకునే చోట ఎప్పుడూ వేసుకోవడం. గుడి, వంటిల్లు, కల్లం ఆ లెక్కలోకి రావు. ఆ మాత్రం ఆలోచన రాకపోవడానికి కారణం ఒకటే. నేను ఇస్తున్నది చెప్పులని ఒప్పుకోవడం నాకే ఇష్టం లేదు.

చెప్పులు విడిచి కల్లంలోకి నాలుగడుగులు వేశాను. నేల పెనంలా ఉంది. ఐదో అడుగు వేయలేక గట్టెక్కాను. ఆమె నెలన్నర నడిచింది.

వెనక్కి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. సర్జన్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదన్నాను. ఆయన ఫైలు మూసి, “తప్పు ఎవరిదైనా కాలు ఆమెది. మధ్యాహ్నం నుంచి జ్వరం దిగుతోంది, రేపు వేలు వరకే తీస్తా” అన్నారు. మర్నాడు బొటనవేలు తీశారు. తీసినచోట పచ్చిగా ఎర్రగా ఉండాలి, నల్లబడితే మళ్లీ కోత తప్పదు. వారం రోజులు ప్రతి కట్టుకీ పక్కన నిలబడ్డాను. నల్లబడలేదు. పాదం నిలిచింది.

స్పృహ బాగా వచ్చాక, వార్డులో అందరూ వింటుండగా, “మీరు అబద్ధం ఆడలేదమ్మా, నేనే అడగాల్సింది అడగలేదు. క్షమించండి” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ల కోసం కాదు, నాకోసమే గట్టిగా అన్నాను. ఆమె గోడవైపు తిరిగి, “కాయ వానకి తడవలేదు గదా సార్?” అంది. లేదన్నాను. నా తప్పుకి ఆమె ఒక వేలు ఇచ్చుకుంది. ఆ తప్పుని నేను ఎవరి మీదా వేయలేను.

రెండో జత

వేలు పోయిన కాలికి బరువు పక్క వేళ్ల మీద పడుతుంది. ఈసారి తప్పితే పాదమే. మళ్లీ మిరప కోతలు మొదలయ్యేలోపు రెండు జతలు చేశాను. ఒకటి దారికి. రెండోది కల్లానికి మాత్రమే, రోడ్డు మట్టి తాకనిది. తోలు లేకుండా, కాన్వాసు గుడ్డతో, వేడి ఎక్కకుండా అడుగు మందంగా. చెయ్యడం సులువే. అది వేసుకుని పదిమంది ముందు పంట మీద కాలు పెట్టాలి, కష్టం అక్కడుంది. ఫోనులో అడిగితే నాగేశ్వరమ్మ ఒకటే మాట. “మా అత్త ఒప్పుకోదు సార్. ఒప్పుకున్నా నేను తొక్కలేను.”

నేనే పోయాను. కోత కాయ మొదటిసారి కల్లంలో పోస్తున్న రోజది. రత్తమ్మ గారి చేతికి జత ఇచ్చి, ఇది లేకపోతే కాలు ఉండదని చెప్పాను. ఇంకేమీ కలపలేదు. ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. పనివాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. ఒకామె మెల్లగా, “చెప్పు చెప్పేగా పిన్నీ” అంది.

ఆవిడ లేచి పక్కనే ఉన్న ఇంట్లోకి పోయింది. వద్దంటుందనే అనుకున్నాను. వద్దంటే నా దగ్గర రెండో ఉపాయం లేదు. కాసేపటికి పసుపు గిన్నెతో వచ్చింది. కొత్త పారకి, కొత్త ట్రాక్టరుకి రాసినట్టు ఆ రెండిటికీ పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టింది. చూస్తూ నిలబడ్డ నాకు కళ్లు నిండాయి. మిరప ఘాటని చెప్పుకోవచ్చు, కానీ కాదు.

“కొడవలితో చేలోకి పోవట్లా? ఇదీ పనిముట్టే” అంది కోడలితో. “తొడుక్కోవే.”

నాగేశ్వరమ్మ తొడుక్కుని గట్టు మీద చాలాసేపు నిలబడింది. తర్వాత దణ్ణం పెట్టుకుని కల్లంలోకి దిగింది. పిన్నీ అన్న మనిషి కాస్త పక్కకి జరిగి దారి ఇచ్చింది. మధ్యాహ్నమంతా నేను నీడన కూచున్నాను. కొత్త జత ఎక్కడ ఒరుసుకుంటుందో తొడిగినప్పుడు తెలియదు, విప్పాకే తెలుస్తుంది. వేసుకున్న మనిషికి అసలే తెలియదు. ఆమె నడిచే ఒక్కో అడుగూ లెక్కపెట్టుకున్నాను.

పొద్దు వాలాక వచ్చి కూచుని విప్పింది. నేను వేళ్లు విడదీసి, అరికాలు వెలుగుకి తిప్పి, చేతి వెనకవైపుతో వేడి చూశాను. ఆమె తన కాలు చూసుకోలేదు, నా మొహం చూస్తోంది.

“ఎర్రబడిందా?” అని రత్తమ్మ గారు అడిగారు.

“లేదండీ. ఇట్లా రోజూ చూడాలి. ఎవరో ఒకరు చూడాలి, ఆమెకి తెలియదు కదా.”

ముసలావిడ నన్ను పక్కకి జరగమంది. కింద చతికిలబడి, కోడలి కాలు తన ఒళ్లోకి లాక్కుంది. నాగేశ్వరమ్మ హడలిపోయింది.

“వద్దత్తా, నా కాళ్లు నువ్వు పట్టుకోవడమేంది, నాకు పాపం.”

“ఇయ్యవే” అంది ఆవిడ. కళ్లద్దాలు సరిచేసుకుని, నేను చూసినట్టే వేళ్లు విడదీసి చూడటం మొదలుపెట్టింది.